కొసరు ఇవ్వని డాక్టరు

మా అత్తమ్మ నాలుకంటే మొఘల్‌పురాలో మా గల్లీ గల్లీకంతా హడలు. పాలల్లో నీళ్లెన్ని కలిశాయో పాలవాడికంటే ఆమెకే బాగా తెలిసేది. తెలిసిన సంగతి వాడి తాతముత్తాతలకు కూడా వినపడేట్టు చెప్పేది. మీరాలం మండికి కూరగాయలకు పోతే, తూకం అయిపోయాక ఆమె అసలు బేరం మొదలయ్యేది. కొత్తిమీర కట్ట, గుప్పెడు పచ్చి మిరపకాయలు, నాలుగు కరివేపాకు రెబ్బలు కొసరు పడితేగాని అక్కణ్ణించి కదిలేది కాదు. కొసరు వేయనివాడు ఆమె లెక్కలో వ్యాపారి కాదు, దొంగ.

ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చాను. పైగా సర్కారు ఆఫీసులో టైపిస్టును. ఈ రెండు విషయాల్లో ఏది ఆమెకు ఎక్కువ కంటగింపో ఎప్పుడూ తేల్చుకోలేకపోయాను. నన్ను పేరుపెట్టి పిలిచేది కాదు. ఎదురుగా నిలబడ్డా సరే, ‘ఆఫీసామె’ అనేది. నేను వండితే ఉప్పు ఎక్కువయ్యేది, లేకపోతే తక్కువయ్యేది. ఎనిమిదేళ్లలో ఒక్క పూటైనా సరిపోయిన పాపాన పోలేదు. మామయ్య గల్లీ చివరనున్న చిన్న గుడిలో అర్చకుడు. స్వామికి నామం దిద్దడంలో ఆయనది తిరిగిన చెయ్యి. ఇంట్లో తిరిగిన నోరు మాత్రం అత్తమ్మదొక్కటే. మా ఆయన అచ్చం తండ్రి పోలిక, తలవంచుకుని తిని లేచిపోయే రకం. మరిది కంచన్‌బాగ్‌లో లోహాల కర్మాగారంలో పనిచేసేవాడు. తినడం అతనూ తలవంచుకునే తినేవాడు గానీ, చెయ్యి కడుక్కున్నాక లోకంలోని అన్ని విషయాల మీదా అభిప్రాయాలు చెప్పేవాడు.

డెబ్బైల చివర్లో ఆ నాలుకకే పుండు పడింది. ఎడమ అంచున, శనగబద్దంత. గోడ అవతలి ముస్లిం ఇంటి పెద్దావిడను ఖాలా అనేవాళ్లం. అత్తమ్మ పడుచుతనంలోనే ఆమెకు పొగాకు జర్దా పాన్ అలవాటు చేసింది ఆవిడే. అర్చకుడి భార్య జర్దా నములుతుందని ఊరందరికీ తెలుసు, మామయ్యకు తప్ప. ఆయనకూ తెలుసేమో, అడిగే ధైర్యం లేకపోయిందేమో. పుండుకు అత్తమ్మ తేనె రాసింది. మామయ్య తులసి తీర్థం ఇచ్చాడు. మరిది బి కాంప్లెక్స్ మాత్రలు తెచ్చాడు. ఇన్ని రకాలుగా ఆదరించేసరికి పుండు పెరిగి కందిపోయింది, నమిలితే నెత్తురు కనబడసాగింది. చివరికి గొంతు డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. అది ‘ఆ జబ్బే’ అని తేలింది. మా ఇంట్లో దాని పేరు ఎవరూ పలికేవాళ్లం కాదు.

రెండు దారులున్నాయని ఆయన చెప్పాడు. ఒకటి ఆపరేషన్, రెండోది రేడియేషన్. ఇద్దరు డాక్టర్లకూ చూపించి నిర్ణయించుకోండి అన్నాడు. ఆపరేషన్ అంటే ఏమిటో మాకందరికీ తెలుసు. రేడియేషన్ అంటే ఏమిటో మరిదికి ఒక్కడికే తెలుసు. అంటే, తెలుసని అతను అన్నాడు. పోత పోసిన లోహంలో లోపల పగుళ్లున్నాయేమోనని వాళ్ల కర్మాగారంలో ఫోటోలు తీస్తారట. తీసేవాళ్లు, ఒంటికి ఎన్ని కిరణాలు తగిలాయో కొలిచే బిళ్ల ఒకటి చొక్కాకు తగిలించుకుంటారట. “గదే వదినా, ఎక్స్‌రే. ఫోటో దీస్తరు, అంతే. దానికి డాక్టరెందుకు?” అన్నాడు.

అలా మా కుటుంబం మొదటి రేడియేషన్ వైద్యం చార్మినార్ దగ్గర ఒక ఎక్స్‌రే దుకాణంలో జరిగింది. అత్తమ్మ దవడకు ఫోటో తీశారు. తడి ఆరని ఆ నల్ల ఫిల్మును మరిది ఆకాశానికి ఎత్తి చూసి, పగులేమీ లేదని తేల్చాడు. ఇంటికొచ్చాక అత్తమ్మ చెంప తడుముకుని, “జర నయమనిపిస్తుంది” అంది. రెండు రోజులు నిజంగానే నయంగా ఉంది. మూడో రోజు పుల్కా కొరకబోయి మంటతో ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అదే మొదటిసారి చూడడం. ఏం చేయాలో తెలియక మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు ఆపరేషన్ డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన వెనక అరడజను మంది చిన్న డాక్టర్లు నడుస్తున్నారు. నోరు తెరవమన్నాడు, చూశాడు, సగం నాలుక తీసేయాలన్నాడు. రేడియేషన్ పెట్టే కరెంటు డాక్టరుకు కూడా చూపించమని చెప్పి వెళ్లిపోయాడు. మా వాళ్లకు ఆయన బ్రహ్మాండంగా నచ్చాడు. డాక్టరంటే అట్లుండాలి, వెనక మంది ఉండాలి, అరనిమిషంలో మాట తెగిపోవాలి అనుకుంటూ బస్సెక్కారు.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ. అత్తమ్మ మూలన కూర్చుని బట్టలోకి ఉమ్ముతోంది. పగులు పడిన ముక్కను కోసి పడేస్తారే తప్ప బాగుచేయరని మరిది తన కర్మాగారపు న్యాయం చెప్పాడు. మామయ్య గోడ వైపు చూశాడు. మా ఆయన మామయ్య వైపు చూశాడు. నాలుక ఉండే దారి ఒకటి ఉందంటున్నారు కదా, ముందు అది చూద్దామని నేనన్నాను.

ఇంటిల్లిపాదీ నావైపు తిరిగారు, అత్తమ్మతో సహా. నేను ఆ మాట అంటానని ఎవరూ అనుకోలేదు. కోడలు అందరికంటే ముందు ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేస్తుందని గల్లీలో అప్పటికే అనుకుంటున్నారు. మర్నాడు ఖాలా గోడ మీదుగా తొంగిచూసి, “సోచ్ లో దుల్హన్, ఐసా మౌకా ఫిర్ నై ఆతా” అంది. ఆలోచించుకో పిల్లా, ఇలాంటి అవకాశం మళ్లీ రాదని. నవ్వుతూనే అంది గానీ కళ్లు తుడుచుకుంది కూడా.

నిజం చెబుతాను. నా మాటలో ప్రేమ పెద్దగా లేదు. ఎనిమిదేళ్లుగా ఆమెకివ్వాల్సిన జవాబులు లోపల కూడబెట్టుకుంటున్నాను. ఆమెకు నాలుకే లేకపోతే అవి ఎవరికిచ్చుకోను? పైగా నాకు భయం వేసింది. తలవంచుకుని తినే ముగ్గురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు, మధ్యలో మాట లేని ఇల్లు. ఆ ఇంట్లో ముసలిదాన్నయ్యేది నేనే.

కరెంటు డాక్టరును వెతికి పట్టుకునేసరికి మాకు చెప్పులరిగాయి. ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేవాళ్లు, లైటు డాక్టరని కూడా అనేవాళ్లు. మూసీ దాటి, పెద్దాసుపత్రిలో, మెట్లు దిగి, ఏ బోర్డూ సరిగా లేని వరండా చివర ఉన్నాడు. బక్కపలచటి మనిషి. వెనక ఒక్క చిన్న డాక్టరు కూడా లేడు. మెడలో గొట్టం లేదు, జేబులో మాత్రం ఒక స్టీలు స్కేలుంది. అది చూడగానే మరిది మొహంలో గౌరవం పూర్తిగా పోయింది. పైగా ఆయనది కృష్ణా ఒడ్డు తెలుగు. మాటకో ‘అండీ’ తగిలించేవాడు. తెలంగాణ ఎజిటేషన్‌లో రాళ్లేసిన మా మరిది, అంత అండీల మనిషికి అమ్మను అప్పగించడమేమిటని నా చెవిలో గొణిగాడు.

ఆ డాక్టరు అత్తమ్మ నోట్లో వేలు పెట్టి చాలాసేపు తడిమాడు. బయట మెడ మీద వేళ్లతో వెతికాడు. కళ్లు మూసుకుని మరీ తడిమేవాడు. నోరెంత తెరుచుకుంటుందో స్కేలుతో కొలిచాడు. ఏం తింటోందో, ఏ వైపు నములుతోందో, పాన్‌లో ఏం వేసుకుంటుందో అడిగాడు. జర్దా అన్న మాట అప్పుడే మామయ్య సమక్షంలో మొదటిసారి బయటపడింది. మామయ్య గోడ వైపు చూశాడు. కనిపించే పుండు కొంచెమేననీ, వేలికి తగిలే గట్టిదనం ఇంకా లోపలికి పోయిందనీ, అయినా నాలుక దక్కే అవకాశం ఉందనీ డాక్టరు చెప్పాడు. ఖచ్చితంగా చెప్పలేనని కూడా అన్నాడు. ఆ చివరి మాట మా వాళ్లకు అస్సలు నచ్చలేదు.

తర్వాత ఆయన కరెంటు పెట్టనేలేదు. ముందు పుచ్చిన పళ్లు తీయించుకుని రమ్మన్నాడు. దవడకు కరెంటు తగిలాక పళ్లు పీకితే ఎముక మానదట. నాలుకకు జబ్బయితే పళ్లు పీకిస్తాడా అని అత్తమ్మ దారి పొడుగునా శాపనార్థాలు పెట్టింది. పళ్ల చిగుళ్లు మానాక వెళితే, బల్ల మీద పడుకోబెట్టి మళ్లీ కొలతలు. ఆ చెంప నుంచి ఈ చెంపకు ఎంత దూరమో ఇనుప పటకారు లాంటి దానితో కొలిచాడు. ఫోటోలు తీయించాడు. లోపలి గదిలో కూర్చుని కాగితం మీద గీతలేవో గీసుకున్నాడు. మాకేమో ఈయన పని తప్పించుకుంటున్నాడనే అనుమానం. చివరికి ఒకనాడు అత్తమ్మ రెండు చెంపల మీదా, నోటి పూతకు రాసే ఆ ఊదారంగు మందుతోనే, నాలుగు పలకల గీతలు గీశాడు. అవి చెరగకూడదు, నీళ్లు తగలకూడదు, రుద్దకూడదు అని మరీమరీ చెప్పాడు.

కరెంటు పెట్టే గది గోడలు కోటగోడల్లా ఉన్నాయి. తలుపు మీద ఎర్ర లైటు. అత్తమ్మను పడుకోబెట్టి, నాలుక కదలకుండా, అంగిలికి తగలకుండా నోట్లో ఒక బిరడా పెట్టారు. మా ఇంట్లో ఎవరివల్లా కాని పని ఒక బిరడావల్ల అయింది. అందరూ బయటికొచ్చేశారు, తలుపు మూశారు, మీట నొక్కింది వేరే ఎవరో. రెండు చెంపలకీ కలిపి టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. అత్తమ్మ బయటికొచ్చి, “ఏం బెట్టలే. ఉత్తగ పండవెట్టి పంపిండ్రు” అంది. వేడి లేదు, వాసన లేదు, సూది లేదు. డబ్బా తెరవకుండానే మందు పట్టేశామన్నట్టుందని మరిది అన్నాడు.

నాకూ ఒళ్లు మండింది. ఆ డాక్టరు వరండాలో ఎదురైతే అడిగేశాను. “సార్, కరెంటు పెట్టేది మిషన్. మీట నొక్కేది ఇంకొకాయన. మరి మీరేం జేస్తరు?”

ఆయన కోప్పడలేదు. కాస్త ఆలోచించి, “ఎక్కడ పెట్టకూడదో చెప్తానండీ” అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మరిది పడీపడీ నవ్వాడు. పెట్టొద్దని చెప్పడానికి కూడా సర్కారు జీతమిస్తోందని ఆ వారమంతా కర్మాగారంలో చెప్పుకున్నాడట.

ఆ రోజుల్లోనే సూర్యగ్రహణం వచ్చింది. పట్టపగలు చీకటి పడేంత గ్రహణం. సూర్యుణ్ణి చూడొద్దు, కళ్లు పోతాయని రేడియోలో ఒకటే ఊదర. ఆ మధ్యాహ్నం పాతబస్తీ అంతా తలుపులు బిడాయించుకుంది. దుకాణాల షట్టర్లు దించారు, బస్సులు నిలిచిపోయాయి. అటు ఖాలా ఇంట్లో నమాజు, ఇటు మా ఇంట్లో జపం. ఊరంతా కిరణాలు తగులుతాయని దుప్పట్లు కప్పుకుంటే, రోజూ రెండు బస్సులు మారి కిరణాల కోసం పోయేది మేమొక్కళ్లమే. మామయ్య పచ్చడి జాడీల మీద దర్భలు వేశాడు. ఆలోచించి, అత్తమ్మ తల మీద కూడా ఒక దర్భ పెట్టాడు.

గ్రహణం విడిచాక స్నానం. చెయ్యకపోతే వంటింట్లో అడుగుపెట్టడానికి లేదు, గుడి గడప తొక్కడానికి లేదు. గీతలున్నాయి, మెడ కింది నుంచి చేయండి చాలు అని నేను మొత్తుకున్నాను. అత్తమ్మ వినలేదు. “సగం తానంతోని సగం మైల వోతదా?” అని రెండు చెంబులు నెత్తి మీదినుంచే కుమ్మరించుకుంది. నేను టవలందిస్తూ చూశాను. ఊదారంగు చారలు చెంపల మీదుగా కారి, చీర అంచుకు అంటుకుంటున్నాయి.

సోమవారం పొద్దున ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరుకు చెబుదామన్నాను. ఏమంటాడో అని అందరికీ బెదురు. అప్పుడు మామయ్య, ఆ ఇంట్లో నేను వచ్చాక మొదటిసారి, ఒక నిర్ణయం తీసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి స్వామికి నామం దిద్దుతున్నవాణ్ణి, పెళ్లాం చెంప మీద నాలుగు గీతలు గీయలేనా అన్నాడు. మరిది ఉత్సాహంగా కర్మాగారం నుంచి తెచ్చిన కాపీయింగ్ పెన్సిల్ తీశాడు. తడి చేస్తే ఊదాగా పడుతుంది, చెరిగి చావదు. పోతల మీద ఇట్లాగే మార్కింగ్ చేస్తామన్నాడు. ఇద్దరూ అత్తమ్మను కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. మామయ్య ఊపిరి బిగబట్టి గీశాడు. గీతలు అద్భుతంగా వచ్చాయి. డాక్టరు గీసినవి వంకరగా, ఒక చెంప మీద ఒక తీరు, ఇంకో చెంప మీద ఇంకో తీరుగా ఉండేవి. మామయ్య వాటిని సరిచేశాడు. ముక్కుకు అటూ ఇటూ సమానంగా, కోలగా, నిండుగా, చూడముచ్చటగా తీర్చిదిద్దాడు. అత్తమ్మ అద్దంలో చూసుకుని బాగుందని మెచ్చుకుంది. ఆమె నోట మెప్పు రావడం చూసి నాకు గుండె జారిపోయింది.

ఆ డాక్టరు ప్రతి సోమవారం తన కళ్లతో చూస్తేగాని ఆ వారం కరెంటు పెట్టనిచ్చేవాడు కాదు. ఇది కూడా పనిలేకే చేస్తాడని మా వాళ్ల అభిప్రాయం. ఆ సోమవారం అత్తమ్మ మొహం చూడగానే ఆగిపోయాడు. ఎవరు గీశారని అడిగాడు. మామయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చి, తానేనని, రోజూ స్వామికి నామం దిద్దే చెయ్యేనని వినయంగా, కొంచెం గర్వంగా కూడా చెప్పాడు. నేను మిషను గది తలుపు మీది ఎర్ర లైటు వైపు చూస్తున్నాను. ఆయన చూడకపోయి ఉంటే, ఇంకాసేపట్లో అది వెలిగేది.

డాక్టరు కేకలేయలేదు. గీత చాలా బాగుంది అయ్యగారూ అన్నాడు. తర్వాత మామయ్య చేతికి రబ్బరు తొడుగు తొడిగి, ఆ వేలు పట్టుకుని అత్తమ్మ నాలుక అంచు మీద పెట్టాడు. జబ్బు ఎక్కడ గట్టిగా తగులుతుందో తడిమించాడు. అదే వేలును బయటికి తెచ్చి, చెంప మీద అదే చోట ఆనించాడు. మామయ్య గీసిన గీత అంగుళం పైన ఉంది.

“స్వామికి నామం అంగుళం అటూ ఇటూ అయితే స్వామి ఏమీ అనడండీ,” అన్నాడు. “ఇది పైకి జరిగితే కింద జబ్బు మిగిలిపోతుంది. కరెంటు కంటి దాకా పోతుంది. నేను గీసింది వంకర గీతే. ఆవిడ జబ్బు వంకరగా ఉంది.”

మామయ్య మొహం పాలిపోయింది. ఆయన తొడుగు తీసి బల్ల మీద పెట్టి, భార్య పక్కకు వెళ్లి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. జనం ముందు ఆయన ఆమె చెయ్యి పట్టుకోవడం కూడా అదే మొదటిసారి. ఎక్కడ పెట్టకూడదో చెబుతానన్న మాట నాకు అప్పుడు తలకెక్కింది. మిషన్‌కు ఏం తెలుసు? దాని కింద నాలుకను పెడితే నాలుకను కాలుస్తుంది, కన్ను పెడితే కన్నును కాలుస్తుంది. మధ్యలో ఉన్నది ఈ స్కేలు మనిషి ఒక్కడే. ఆ రోజు కరెంటు లేదు. మళ్లీ మొదటినుంచి తడిమి, కొలిచి, ఫోటో తీయించి, మర్నాటికి కొత్త గీతలు గీశాడు. మరిది ఆ తర్వాత స్కేలు గురించి ఏమీ అనలేదు. అండీల గురించి మాత్రం అంటూనే ఉన్నాడు.

వారాలు గడిచేకొద్దీ అత్తమ్మ నోరు పచ్చి పుండయింది. ఉమ్ము జిగురులా సాగేది. గంజి, మజ్జిగ, రాగిజావ తప్ప దిగేది కాదు. జబ్బు కంటే వైద్యమే చంపేలా ఉందని ఆమె సైగలతో చెప్పేది. ఒక సోమవారం డాక్టరు నోరు చూసి, వారం రోజులు ఆపుదామన్నాడు. మిషన్ పాడైందని, అది చెప్పలేక ఆపుతున్నారని మరిది తన రహస్య సమాచారం చెప్పాడు. పక్కగదిలో ఆ మిషన్ మిగతా రోగులకు చక్కగా నడుస్తూనే ఉంది. వారం తర్వాత మళ్లీ మొదలుపెట్టారు. ఒకనాడు ఇక చాలు, అయిపోయింది అన్నాడు డాక్టరు.

అయిపోయిందంటే మా వాళ్లు ఒప్పుకుంటారా? ఇన్నాళ్లూ ఇది వైద్యమే కాదన్నవాళ్లు, పుండు సగానికి సగం అణగడం చూశాక ఆయన్ని వదలనంటున్నారు. మామయ్య కొబ్బరికాయ, పూలు, ప్రసాదం పట్టుకెళ్లాడు. చాలా మంచిగయింది, ఇంకో నాలుగు రోజులు పెడితే మా తృప్తికి బాగుంటుందని చేతులు జోడించాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. అప్పుడు అత్తమ్మ, మంచినీళ్లు మింగడానికి కూడా కళ్లనీళ్లు పెట్టుకునే మనిషి, ఆ పచ్చి నాలుకను కూడదీసుకుని ఒక్క మాట పలికింది.

“కొసరు” అంది.

ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. నవ్వి, స్టూలు దగ్గరికి లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

“మిషన్ కొసరిస్తుందమ్మా, అడిగినంత ఇస్తుంది. ఇవ్వకుండా ఆపడానికే నన్ను ఇక్కడ కూర్చోబెట్టారు. ఇంకా పెడితే నాలుక మానదు, దవడ ఎముక కుళ్లుతుంది. మీ నాలుక మీకు మిగలాలంటే ఇక్కడ ఆపాలి.”

బస్సులో అత్తమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. జన్మలో ఆమెకు కొసరు వేయని మొదటి మనిషి. దొంగ అనడానికి నోరు రాలేదు, వచ్చినా అనేది కాదేమో.

ఆ తర్వాతి నెలల గురించి ఎవరికీ పెద్దగా చెప్పలేదు. పుండు మాయమైంది. నాలుక మెత్తబడింది, మాట కూడా వచ్చింది, కొంచెం గరగరగా. నెలకోసారి డాక్టరు తడిమి చూసి, ఏమీ తగలడం లేదండీ అనేవాడు. గల్లీలో అందరూ ఇక ఫికర్ లేదనుకున్నారు. కానీ అత్తమ్మకు రుచి పోయింది. మామిడికాయ పప్పైనా మట్టే, పాయసమైనా మట్టే. పెట్టింది తినేది, లేచిపోయేది. నోరు మండుతుందని నేను మొదట్లో ఉప్పూకారం లేకుండా వండేదాన్ని. నెలల తరబడి ఇంటిల్లిపాదీ అదే తిన్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. తలవంచుకుని తినేవాళ్లు ముగ్గురు కాస్తా నలుగురయ్యారు. పాలవాడు నీళ్లు కలుపుతున్నాడని నాకు కూడా తెలుస్తోంది, ఆమె మాత్రం గిన్నె పట్టుకెళ్లి పొయ్యి మీద పెట్టేది. కోయకుండా ఆపాం గానీ, దక్కింది నాలుకా, ఉత్త కండముక్కా అని నాకు దిగులు పట్టుకుంది. రుచి ఎప్పుడొస్తుందని డాక్టరును అడిగాను. చాలామందికి మెల్లగా వస్తుంది, కొందరికి పూర్తిగా రాదు, చూద్దామన్నాడు. ఎప్పుడూ ఖచ్చితంగా చెప్పడు కదా.

ఒక ఆదివారం తోటకూర పప్పు చేశాను. మామయ్య తిన్నాడు. మా ఆయన తిన్నాడు. మరిది తిని, దేశ రాజకీయాలు చెప్పాడు. అత్తమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. రెండో ముద్ద పెట్టుకుంది. కంచం ముందుకు తోసింది.

“ఉప్పు కశమున్నది. ఆఫీసామెకు చెయ్యికి లెక్కనే లేదు.”

నేను వంటింట్లోకి పోయి, తలుపు వెనక నిలబడి, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఏడుస్తూనే ఎంత కోపం వచ్చిందో కూడా చెప్పాలి. ఆ ముగ్గురు మగవాళ్లూ ఒక్క మాట అనకుండా తినేశారు కదా.

ఆ నెల ఆసుపత్రికి వెళ్లినప్పుడు సంబరంగా డాక్టరుకు చెప్పాను. రుచి వచ్చింది సార్, పప్పులో ఉప్పెక్కువైందన్నది అని. ఆయన అప్పటికే అత్తమ్మ నాలుక కొసను గాజుగుడ్డతో పట్టుకుని, బయటికి లాగి, పక్కకు తిప్పి చూస్తున్నాడు. ఆమె మాట్లాడే వీల్లేదు, కళ్లు మాత్రమే కదులుతున్నాయి. ఆయన నాలుక వదలకుండా తల తిప్పి నన్ను అడిగాడు.

“నిజంగా ఎక్కువైందాండీ, ఊరికే అన్నారా?”

అంత సంసారంలో ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న అది. మా ఆయన అడగలేదు, మామయ్య అడగలేదు. ఆయనకేమో అది వైద్యానికి కావాలి. ఊరికే అని ఉంటే అలవాటు కొద్దీ అన్నట్టు, నిజంగా ఎక్కువైతే రుచి వచ్చినట్టు. ఆమె నాలుక ఇంకొకరి చేతిలో ఉంది. నేనేం చెబితే అదే చెల్లుతుంది. ఎనిమిదేళ్లు కూడబెట్టిన జవాబులన్నీ నా గొంతు దాకా వచ్చాయి. అత్తమ్మ కళ్లు నా మొహం మీదినుంచి కదలడం లేదు.

“నిజంగనే ఎక్కువైంది సార్,” అన్నాను. “మతిలేక రెండుసార్లు వేసిన.”

డాక్టరు నాలుక వదిలేశాడు. చేతులు కడుక్కోవడానికి వెళుతూ, అయితే వచ్చేసిందండీ అన్నాడు. అత్తమ్మ పెదాలు తుడుచుకుంది, ఉమ్ము మింగింది, నాలుకను నోట్లో ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మామయ్య వైపు తిరిగి, “ఇన్నేండ్లకు ఒప్పుకున్నది సూడు” అంది.

ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది. నేను వండినదాంట్లో ఉప్పు మళ్లీ ఒక్క పూటైనా సరిపోలేదు.